రిపేరు చేయించాకే వేడెక్కుతోంది!

ప్రశ్న: మా పాత పెట్రోలు కారుకి హెడ్ గాస్కెట్ పోతే గత నెల మార్పించాను. హెడ్డు ఫేసింగ్ కూడా చేయించారు. అంతకుముందు టెంపరేచర్ ముల్లు సగం దాటేది కాదు, ఇప్పుడు ముప్పావు దాకా లేస్తోంది. మెకానిక్ని అడిగితే ‘థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఎండలకి అదెందుకు’ అంటున్నాడు. తీయించమంటారా?
— ఓ పాఠకుడు, నరసరావుపేట

జవాబు: వద్దు. అది లేకపోతే ఇంజను ఉండాల్సినంత వేడికి త్వరగా చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా అదే. తీసేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్ దాకా పోకుండానే వెనక్కి తిరిగొస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ముల్లు ఎప్పుడు లేస్తోందో మీరు రాయలేదు. సగం జవాబు అందులోనే ఉంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచి, స్పీడందుకోగానే దిగుతుంటే ఫ్యాన్ని అనుమానించండి. పనిలో దాని కనెక్టరు ఊడదీసి సరిగా పెట్టకపోయి ఉండొచ్చు, వైర్లు తారుమారై రెక్కలు వెనక్కి తిరుగుతూనూ ఉండొచ్చు. ఏసీ వేసి, ముందు గ్రిల్ దగ్గర కాగితం ముక్క పట్టుకోండి. లోపలికి లాగాలి. హైవే మీద పోతున్నప్పుడే వేడెక్కితే మాత్రం రేడియేటర్ పూడుకుపోయిందేమో, వాటర్ పంపు సరిగా తోస్తోందో లేదో చూడాలి.

ముల్లు వేళాపాళా లేకుండా ఎక్కి దిగుతుంటే కూలెంట్ దారుల్లో గాలి పట్టిందేమో చూడండి. హెడ్డు విప్పిన బండికి ఇది మామూలే. ఇంజను కాగుతున్నా హీటరు వేస్తే చల్లగాలి వస్తుంది, అదీ గుర్తు. (పల్నాడులో హీటరు వేసి చూడాలని ఎవరికి తడుతుంది!) ఇంజను పూర్తిగా చల్లారాక బండి ముక్కు ఎత్తు మీద ఉండేలా నిలపండి. రేడియేటర్ మూత తీసి, హీటరు ఫుల్లుగా పెట్టి, స్టార్ట్ చేసి కూలెంట్ పోస్తూ ఉండండి. బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేయించండి. థర్మోస్టాట్ చాలా బండ్లలో 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది కాబట్టి, రేడియేటర్ గొట్టాలు రెండూ వేడెక్కేదాకా తొందరపడి మూత పెట్టొద్దు. వేడి ఇంజను మీద మూత మాత్రం ఎన్నడూ తీయకండి, మొహం కాలుతుంది.

అలా కూలెంట్ పోస్తున్నప్పుడు బుడగలు ఎంతకీ ఆగకపోయినా, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై గొట్టం రాయిలా బిగుసుకున్నా, సిలిండర్లోని గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతోందని అనుమానించాలి. షెడ్డులో బ్లాక్ టెస్టర్ పెట్టించండి. అందులోని నీలం ద్రవం పసుపుకి తిరిగితే గాస్కెట్ సరిగా కూర్చోలేదు, లేదా హెడ్డుకి పగులుంది. హెడ్డు మళ్లీ దింపాల్సిందే. డబ్బుల సంగతి మాట్లాడుకోవాల్సింది ఆ మెకానిక్‌తోనే.

ప్రశ్న: కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?
— ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: సున్నం పేరుకుంటుంది, తుప్పు పడుతుంది. దారిలో ఆగిపోయి గత్యంతరం లేకపోతే పోయండి, ఇంటికి రాగానే కడిగించి కూలెంట్ నింపించండి. రేడియేటర్ మూత కూడా మార్చాల్సివస్తే పాతదాని మీద 0.9 అనో 1.1 అనో ఉన్న ప్రెషర్ అంకె చూసి అదే కొనండి.