వెనుదిరిగే టైము ముందే పెట్టుకోండి

మీ నిగ్రహం ఎంతో తేల్చుకోవాలనుందా? ఒక ఆదివారం తెల్లవారకముందే కుక్కను వెంటబెట్టుకుని జనం లేని రాతి తీరానికి వెళ్లండి. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, తొట్లకొండ కింద మంగమారిపేట ఉంది. అక్కడి సహజ శిలాతోరణం దగ్గర జనం ఫొటోలు దిగుతుంటారు. ఆ సందడి దాటి బండల వెంట నడిస్తే మీరూ, మీ కుక్కా, సముద్రమూ మిగులుతారు. ఇక మీరు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఇంకో ప్రాణం కట్టుబడి ఉంటుంది. 'ఇక చాలు, పోదాం' అని అది చెప్పలేదు. మీరు ఎంత దూరం వెళ్తే అంత దూరమూ వస్తుంది.

అందుకే ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడికెళ్లాక ఆలోచిద్దాం అనుకుంటే 'ఆ మలుపు దాకా' అనే కోరికదే గెలుపు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆటు వేళ కాలు తడవకుండా దాటిన బండల దారి పోటెక్కాక కనిపించదు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఇంకా ఎక్కువ. ఊళ్లో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని 'పోటు ఎప్పుడండీ?' అని అడగండి. తెలియనిది అడగడానికి సిగ్గుపడేవారు ఎక్కడికెళ్లినా ఇబ్బంది పడతారు.

దాహమేస్తే కుక్క సముద్రపు నీళ్లే తాగేస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పు మరీ ఎక్కువైతే మూర్ఛలొచ్చి ప్రాణం మీదికొస్తుంది. మంచినీళ్లు దండిగా తీసుకెళ్లి, అది అడగకముందే పట్టండి. ఇసుక మీద అరచేతి వెనకవైపు ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. ఒడ్డున చచ్చిపడిన చేపల్ని వాసన చూడకముందే పక్కకు లాగండి. ఉబ్బే జాతి చేపల్లోని విషం అవి చచ్చినా పోదు.

అన్నింటికంటే ముఖ్యం, పిలిస్తే రావడం. ఇది ఇంటి దగ్గర, రోజూ, ఓపికగా నేర్పాలి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టకండి, మెచ్చుకోండి. వచ్చినందుకు తిట్లు తిన్న కుక్క మర్నాడు దూరంగానే నిలబడుతుంది. మార్కుల కాగితం పట్టుకుని మన దగ్గరికొచ్చిన పిల్లాడి సంగతీ, పొరపాటు చెప్పుకోవడానికొచ్చిన జూనియర్ సంగతీ ఇంతే. దగ్గరికొచ్చినవాళ్లకు భయం మిగిల్చామా, వాళ్లు మళ్లీ రారు. కోపాన్ని ఆ ఒక్క క్షణం ఆపుకోవడం కుక్క దగ్గర అలవాటైతే మనుషుల దగ్గరా పనికొస్తుంది. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను.

నీటి అంచున మాత్రం తాడు వదలొద్దు. విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. కుక్క కొట్టుకుపోతే వెనకే దూకాలనిపిస్తుంది, అలా దూకిన మనిషికీ ప్రాణగండమే.

చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా ఈ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వంద దాకా ఉంటాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. కానీ ఆ తీరంలో కాపలా ఉండేది ఎవరు? కుక్క ముక్కుకు ఆ గుంత ఇట్టే దొరుకుతుంది, నాలుగు గోకులకు గుడ్లన్నీ బయటపడతాయి. ఆ నెలల్లో వెళ్తే, ఎవరూ చూడకపోయినా సరే, దయచేసి తాడు విప్పకండి.