తల్లి తిన్న ముద్ద – బిడ్డ కణంలో గుర్తు

విత్తనం మంచిదైనా నారుమడిలో బలం లేకపోతే నారు నీరసిస్తుందని మన మండపేట రైతులకు తెలుసు. మనిషి విషయమూ దాదాపు అంతే. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే వాటిపై మిథైల్ అనే రసాయన గుర్తులు పడతాయి. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఆగాలి అన్నది కొంతవరకు వీటిని బట్టి ఉంటుంది. ఈ శాస్త్రమే ఎపిజెనెటిక్స్.

1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన తిండి కరువు వచ్చింది. అప్పుడు కడుపున పడినవారిని వారి తోబుట్టువులతో పోల్చి చూస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువుపై ఈ గుర్తులు తక్కువగా ఉన్నాయి. ఈ సంగతి 2008లో వెల్లడైంది. అరవై ఏళ్లు గడిచినా ఆ ఆకలి జాడ చెరగలేదు!

ఇలాంటి గుర్తులు పడే చోట్లు మన జన్యుసంపుటిలో రెండున్నర కోట్లకు పైనే. వాటిని పోల్చి చూడటం మనిషి వల్ల కాదు కనుక మెషీన్ లెర్నింగ్ అవసరమైంది. 2013లో స్టీవ్ హోర్వాత్ సుమారు 8,000 నమూనాలతో కంప్యూటర్‌కు నేర్పితే, అది 353 చోట్లను ఎంచుకుని వాటితోనే వయసును అంచనా కట్టింది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా తల్లి పోషణకూ బిడ్డ డీఎన్ఏ గుర్తులకూ గల సంబంధాన్ని పరిశోధించారు. ఇది మనకు ముఖ్యం. యంత్రం తనకు చూపినదాని నుంచే నేర్చుకుంటుంది. మన తల్లీబిడ్డల నమూనాలు అందులో లేకపోతే దాని అంచనా మనకు సరిపడకపోవచ్చు.

పరిశోధన సాగుతూనే ఉంటుంది. పేద గర్భిణికి గుడ్డు, పప్పు, ఆకుకూర అందించడానికి మాత్రం మనం యంత్రం తీర్పు కోసం ఆగనక్కరలేదు.