ముందు నీళ్లు, తర్వాతే చేప

చంద్రపూర్ జిల్లా కోఠారి నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మే నెలలో ఇక్కడి ఎండ 46, 47 డిగ్రీలకు చేరడం ఎవరికీ కొత్త కాదు. అలాంటి ఊళ్లో ఒక కుర్రాడికి ముందు గదిలో గాజు తొట్టి పెట్టి, పగడపు దిబ్బల (రీఫ్) అందాలతో సముద్రపు చేపలు పెంచాలన్న కోరిక పుట్టిందనుకోండి. "ఇక్కడెలా కుదురుతుందిరా?" అనేవాళ్లే ఎక్కువ. చేప కొనడంతో మొదలుపెడితే నిజంగానే కుదరదు. నీళ్లతో మొదలుపెడితే కుదురుతుంది.

ఏ పెద్ద కోరికకైనా ఇదే సూత్రం. ఉద్యోగం కావాలంటాం, వ్యాపారం కావాలంటాం, ర్యాంకు కావాలంటాం. అది నిలబడటానికి కావాల్సిన అలవాట్లు, వసతులు మాత్రం తర్వాత చూసుకుందాంలే అనుకుంటాం. ఉప్పునీటి తొట్టి దగ్గర ఆ పప్పులు ఉడకవు. అందుకే అది నేర్పే పాఠాలు ఇంట్లో చేపలు లేనివాళ్లకూ పనికొస్తాయి.

1. పునాదిని కొలిచి వేయండి

బోరు నీళ్లలో ఏమేం కరిగి ఉన్నాయో కంటికి కనబడదు. అందుకే వాటిని ఆర్వో-డీఐ ఫిల్టరులో వడకట్టి, కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుతారు. లీటరుకు సుమారు 35 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి కూడా తగిన పాళ్లలో ఉంటాయి మరి. కలిపాక ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక చుక్క వేసి, మూత దించి, వెలుతురుకేసి పట్టుకుని చూడాలి. నీలం, తెలుపు కలిసే గీత 35 దగ్గర నిలిస్తే సరే, లేకుంటే మళ్లీ సరిచేయాలి.

మీ లక్ష్యాన్నీ ఇలాగే కొలవండి. "బాగానే చదువుతున్నాను" అనేది కొలత కాదు. ఈ వారం ఎన్ని పాఠాలు పూర్తయ్యాయి, ఎన్ని పరీక్షలు రాశారు అన్నది కొలత.

2. కనిపించని పనికి సమయం ఇవ్వండి

తొట్టి నిండింది, దీపం వెలిగింది, రాళ్లు అమర్చారు. చేప లేదు. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడాలి. పాలలో తోడు వేసి కదపకుండా ఉంచినట్టే, సీసాలో దొరికే బ్యాక్టీరియాను, కొద్దిపాటి అమ్మోనియాను వేసి ఓపిక పట్టాలి. మధ్యమధ్యలో పరీక్షనాళికలో తొట్టి నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేసి చూస్తారు. ఆకుపచ్చగా మారితే అమ్మోనియా ఉన్నట్టు, పసుపుగా ఉంటే లేనట్టు. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగాకే మొదటి చేప. అదీ ఒకటి రెండు మాత్రమే. మరొకటి చేర్చాలంటే ఇంకొన్ని వారాలు ఆగాలి.

ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ పనిలో మాత్రం తొందరే విషం. మీరు కొత్త పని నేర్చుకునే తొలి నెలల్లోనూ బయటికి ఏమీ కనిపించదు. అది వృథా కాలం కాదు, పనికి బలం చేరే కాలం.

3. తగ్గినదాన్నే పూరించండి

కోఠారి వేసవిలో తొట్టి నీటిమట్టం రోజురోజుకూ దిగుతుంది. కొత్తవాళ్లు వెంటనే ఉప్పునీళ్లు పోస్తారు. ఆవిరై పోయింది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంది. ఉప్పునీళ్లు పోసేకొద్దీ ఉప్పదనం పెరిగి చేపల ప్రాణం మీదికొస్తుంది. పోయాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్లు.

నిద్ర చాలక చదువు తలకెక్కని విద్యార్థి, మరో రెండు గంటలు ఎక్కువ చదువుతాడు. తగ్గింది నిద్ర, పెంచింది చదువు. ఏది తగ్గిందో తెలుసుకోకుండా చేసే శ్రమ మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

4. ఊరి ఎండను లెక్కలో రాసుకోండి

ఈ చేపలకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. మే నెలకు అది చాలదు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కావాలి. కరెంటు పోతే గాలి ఆడించడానికి బ్యాటరీ పంపు కావాలి. ఈ ఖర్చులు మొదటి రోజే కాగితం మీద పెట్టండి. స్తోమత చాలకపోతే మంచినీటి చేపలతో మొదలుపెట్టండి, అందులో చిన్నతనం లేదు. పరిస్థితిని తిట్టుకునేవాడి కన్నా, దాన్ని లెక్కలో రాసుకున్నవాడే ముందుకు వెళ్తాడు.

5. మోజుకు హద్దు గీసుకోండి

కోఠారి వాళ్లకు పులి విలువ వేరే చెప్పక్కర్లేదు. తాడోబా పులుల అభయారణ్యం ఇదే జిల్లాలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆ పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే, రీఫ్‌ను కట్టే పగడాలనూ 2001లో చేర్చారు. సముద్రం నుంచి తీసిన అలాంటి పగడాన్ని కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. సముద్రపు నీరు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడాలు తమలో ఉండే నాచును కోల్పోయి తెల్లబారిపోతాయి. అంత సున్నితమైన జీవిని మన గది అందం కోసం పెకలించుకు రాకూడదు.

దారి లేకపోలేదు. సిరామిక్ రాళ్లు, కృత్రిమ పగడాలు అమర్చుకోవచ్చు. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ అనే సముద్రపు చేపలను హేచరీలోనే పుట్టించి పెంచే పద్ధతులు సాధించారు. కొనేముందు "ఇది హేచరీ చేపేనా?" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే కొనకండి. ఎవరూ చూడకపోయినా తప్పు చేయకపోవడమే వ్యక్తిత్వం.

ఈ రోజే ఒక కాగితం తీసుకోండి. పైన మీ కోరిక రాయండి. కింద, అది బతకాలంటే ముందుగా ఏమేం సిద్ధంగా ఉండాలో రాయండి. రేపటి నుంచి ఆ కింది వరుసల మీదే పని చేయండి. నీళ్లను చూసుకున్నవాడి ఇంట్లోనే చేప బతుకుతుంది.