నల్లబడిన సీసా: నీటి పరీక్షలో చేయవలసినవి, చేయకూడనివి

కలరా, టైఫాయిడ్ క్రిములను నీళ్లలో ఒక్కొక్కటిగా వెతకడం అయ్యే పని కాదు. అందుకే మనుషుల, పశువుల పేగుల్లో ఉండే ఈ-కోలై కోసం చూస్తారు. అది కనిపించిందంటే ఆ నీళ్లలో మలం కలిసినట్టే. ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 100 మి.లీ. తాగునీటిలో అది అసలు కనిపించకూడదు. ఊళ్లలో వాడే హెచ్2ఎస్ సీసా నేరుగా ఈ-కోలైని పట్టదు గానీ, మలం జాడను నల్లరంగుతో చెబుతుంది. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ప్రకటించిన పద్ధతి ఇది.

చేయవలసినవి

కుళాయికి కట్టిన గుడ్డ, రబ్బరు పైపు తీసేయండి. నీళ్లను రెండు మూడు నిమిషాలు వదిలాకే పట్టండి. మూతను కింద పెట్టకండి, లోపలి వైపు వేలు తగలనీయకండి. ల్యాబ్‌కు పంపే సీసాను ఐస్ పెట్టెలో ఉంచి, వీలైతే ఆరు గంటల్లో చేర్చండి. వాన పడ్డాక ఒకసారి, పైపులైను చివరి ఇంటి దగ్గర ఒకసారి తప్పక పరీక్షించండి. తేడా ఉంటే బయటపడేది అక్కడే.

హెచ్2ఎస్ సీసాను 24 నుంచి 48 గంటలు గమనించండి. నల్లబడితే నీళ్లు మరిగించి తాగమని ఇంటింటికీ చెప్పండి. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మి.గ్రా. అయినా ఉందో లేదో చూసి, మురుగుకాలువ పక్కన పైపు ఎక్కడైనా కారుతోందేమో వెతకండి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే బోరు నీళ్లు మలం కలవకపోయినా నల్లబడవచ్చు. అలాంటప్పుడు ల్యాబ్‌లో తేల్చుకోవాలి.

చేయకూడనివి

ల్యాబ్ ఇచ్చిన సీసాను కడగవద్దు. శుభ్రత పేరుతో జరిగే పెద్ద పొరపాటు ఇదే. క్లోరిన్ కలిపిన నీటి కోసం ఇచ్చే సీసాలో ఆ క్లోరిన్‌ను పనిచేయనివ్వని సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది. అది కడిగినప్పుడు పోతే, మిగిలిన క్లోరిన్ దారిలో కూడా క్రిములను చంపుతూనే ఉంటుంది. రిపోర్టు మాత్రం భేషుగ్గా వస్తుంది!

టీడీఎస్ మీటరు చూసి నిశ్చింతగా ఉండకండి. అది లవణాలనే కొలుస్తుంది, క్రిముల సంగతి దానికి తెలియదు. ఈ-కోలై కూడా చేరే పెద్ద క్రిముల గుంపు టోటల్ కోలిఫాం కనిపించగానే కంగారూ వద్దు, అవి మట్టి నుంచీ రావచ్చు. అలాగని వదిలేయనూ వద్దు. ఈ-కోలై లేదన్న కాగితమూ పూర్తి భరోసా కాదు: క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు సులభంగా చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో సుమారు 4 లక్షల మందిని జబ్బుపరిచింది అదే.

నల్లబడిన సీసాలో క్రిములు పెరిగి ఉంటాయి. దాన్ని పిల్లలకు అందనివ్వకండి, అలాగే పెరట్లో పారబోయకండి. బ్లీచింగ్ పౌడర్ కలిపి కాసేపు ఉంచాకే పారేయండి.