నిమ్మచెట్టు - గజ్జితెగులు

మనుష్యునకు వలెనే చెట్టునకును వ్యాధులు కలవు. మనుష్యుడు తన బాధను నోటితో చెప్పుకొనును. పశువు అరచి తెలుపును. చెట్టునకు నోరు లేదు. అది ఆకుమీది మచ్చతోను, కొమ్మమీది పుండుతోను తన బాధను తెలుపుకొనును. ఆ గుర్తులను సకాలమున చదువ నేర్చినవాడే మంచి తోటకాపరి.

చేవగల చెట్ల కొమ్మలపై బెరడు చచ్చి, పగిలి, పుండువలె కనబడు వ్యాధిని ఆంగ్లమున కాంకరు అందురు. ఇట్టి వ్యాధులు కొన్ని శిలీంధ్రములవలనను, కొన్ని బాక్టీరియా అను సూక్ష్మజీవులవలనను కలుగును. నిమ్మజాతి చెట్లకు వచ్చు ఇట్టి వ్యాధిని మన రైతులు గజ్జితెగులు అని పిలుతురు. గూడూరు, పొదలకూరు, ఏలూరు, తెనాలి, నకిరేకల్లు మున్నగు ప్రాంతములలో నిమ్మతోటలను నమ్ముకొని బ్రదుకు కుటుంబములు పెక్కు కలవు. వారికి ఈ తెగులు పేరు విన్నంతనే గుండె ఝల్లుమనును.

ఈ తెగులు మొదట లేత ఆకుపై గుండుసూది తలయంత చుక్కగా పుట్టును. క్రమముగా ఆ చుక్క ఉబ్బి, గోధుమరంగు దాల్చి, బెండువలె గరుకుగా తయారగును. ఆకును ఎండకెదురుగా పట్టి చూచినచో మచ్చచుట్టును పసుపుపచ్చని వలయము కనబడును. మచ్చ ఆకునకు రెండువైపులను ఉబ్బి యుండుట దీని ముఖ్యలక్షణము. చేతితో తడిమినచో గరుకుదనము తెలియును. తెగులు ముదిరిన కొలది ఆకులు రాలును. రెమ్మలపై పుండ్లు లేచి, చివరలనుండి కొమ్మలు ఎండిపోవును. కాయపై లేచిన మచ్చలు తొక్కను దాటి లోనికి పోవు. రసమునకు లోపము రాదు. అయినను గజ్జిపట్టిన కాయను చూచి కొనువాడు మొగము త్రిప్పుకొనును. ఏడాది పొడుగున నీరుపెట్టి, ఎరువువేసి, కాపుకాచిన రైతునకు సంతలో సగము ధరయైనను దక్కుట కష్టమగును.

నిమ్మజాతిలోని చెట్లన్నియు దీనికి ఒక్కతీరున లోబడవు. పుల్లనిమ్మ మిక్కిలి త్వరగా లోబడును. కమలా జాతి చాలవరకు తట్టుకొనును.

తెగులునకు కారణమైన బాక్టీరియా పుండ్లలో దాగియుండును. వాన కురిసినప్పుడు పుండునుండి ఊరి వెలికి వచ్చి, చినుకుల తుంపరతో ప్రక్క ఆకునకు చేరును. గాలివాన వీచినచో దూరపు చెట్లకును ప్రాకును. లేత ఆకుల సూక్ష్మరంధ్రములగుండను, ముల్లు గీరిన గాయములగుండను లోన ప్రవేశించును. ఆకుముడత పురుగు లేత ఆకుపొరలో తొలిచిన సొరంగములు దానికి తెరచిన వాకిళ్లు. తోటలో వాడు కత్తెరలు, పనివారి చేతులు, బట్టలు సైతము దానిని మోసికొనిపోవును. అన్నిటికంటె దూరము మోయునది తెగులుపట్టిన నారుమొక్క.

నారుమొక్క ఎంతటి అనర్థము తేగలదో తెలుపుటకు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రకథ చాలును. సుమారు 1910లో జపానునుండి తెచ్చిన మొక్కలతో ఈ తెగులు అచ్చట అడుగుపెట్టెను. దీనిని తొలుత శిలీంధ్రమువలన కలిగినదని తలచిరి. 1915లో క్లారా హాస్ అను శాస్త్రజ్ఞురాలు ఇది బాక్టీరియావలన కలుగునని నిరూపించెను. వేలకొలది చెట్లను తగులబెట్టి, 1933 నాటికి రాష్ట్రమునుండి తెగులును తరిమివేసిరి. కాని 1995లో మయామీ నగరమున అది మరల కనబడెను. తెగులు చెట్టునకు 1900 అడుగుల లోపలనున్న నిమ్మజాతి చెట్లన్నిటిని, పచ్చగానున్న వానిని సైతము, నరుకవలెనని ప్రభుత్వము శాసించెను. పెరటిలో ప్రేమతో పెంచుకొన్న చెట్టును నరుకనీయమని ఇంటివారు న్యాయస్థానముల కెక్కిరి. ఒక్కరి చెట్టు ముఖ్యమా, అందరి తోటలు ముఖ్యమా అను ప్రశ్న ఆ రాష్ట్రమును కలచివేసెను. కోటి అరువది లక్షలకు పైగా చెట్లు నేలకూలినవి. ఇంతలో 2004, 2005 సంవత్సరముల తుపానులు తెగులును నలుమూలలకు వెదజల్లగా, 2006లో ఆ ప్రయత్నమును విరమించిరి.

మన దేశమున ఈ తెగులు చిరకాలమునుండి కలదు. 1827-1831 సంవత్సరముల నడుమ ఇచ్చట సేకరింపబడి, ఇంగ్లండులోని క్యూ ఉద్యానమున భద్రపరుపబడిన ఎండుటాకులపై దీని మచ్చలు కానవచ్చినవి. కావున దీనిని నిర్మూలించుటకంటె అదుపులో నుంచుటయే మన రైతులకు సాధ్యమైన మార్గము.

తొలకరికి ముందే తెగులుపట్టిన రెమ్మలను పుండునకు దిగువగా, మంచిభాగము వచ్చువరకు కత్తిరింపవలెను. కత్తిరించిన రెమ్మలను, రాలిన ఆకులను ప్రోగుచేసి కాల్చవలెను. కత్తిరించిన చోట్ల బోర్డో ముద్దను పూయవలెను. పిదప కొత్త చిగురు వచ్చినప్పుడెల్ల బోర్డో మిశ్రమమునుగాని, కాపర్ ఆక్సీక్లోరైడును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున గాని చల్లవలెను. రాగిమందు పుట్టిన పుండును మాన్పదు. కొత్త పుండు పుట్టకుండ కాపాడును. కావున మందు ముందు, మచ్చ వెనుక కావలెను.

బోర్డో మిశ్రమమునకు ఒక వింతకథ కలదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున బాటసారులు ద్రాక్షపండ్లను దొంగిలింపకుండుటకై బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకు బూజుతెగులు సోకకుండుటను మిలార్డె అను ఆచార్యుడు గమనించి, పరిశోధించి, 1885లో లోకమునకు వెల్లడించెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో పొడిసున్నమును మరి 50 లీటర్ల నీటిలోను వేరువేరుగ కలిపి, మైలుతుత్తపు నీటిని సున్నపునీటిలో మెల్లగా పోయుచు కలియబెట్టవలెను. ఇనుపపాత్ర పనికిరాదు. మెరుగుపెట్టిన కత్తిని అందులో ముంచినప్పుడు దానిపై ఎఱ్ఱని రాగిపూత పట్టినచో ఇంకను సున్నము కలుపవలెను. సిద్ధమైన మిశ్రమమును ఆనాడే వాడవలెను. చల్లువారు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనుట అవసరము.

వీనితోబాటు ఆకుముడత పురుగును వేపనూనెతో అణచుట, తోటచుట్టును సరుగుడు చెట్లు పెంచి గాలివేగమును తగ్గించుట, ఆకులు తడిగానున్నప్పుడు తోటలో పనిచేయకుండుట మేలు. కొత్తగా తోట వేయువారు మచ్చలేని నారునే ఎన్నుకొనవలెను. తెగులును కొంత తట్టుకొను బాలాజీ వంటి రకములును లభించుచున్నవి.

ఒక తోటలోని పుండు పొరుగుతోటకు వానతో పోవును. కావున తన చెట్టును కాపాడుకొనువాడు తనకొక్కనికే గాక ఊరివారికందరకు మేలు చేసినవాడగును.

ప్రశ్నలు
1. గజ్జితెగులును గుర్తించు విధమును తెలుపుము.
2. ఈ తెగులు ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు ఎట్లు వ్యాపించును?
3. ఫ్లోరిడాలో పచ్చని చెట్లను సైతము నరుకుట న్యాయమేనా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.
4. "మందు ముందు, మచ్చ వెనుక" అనుటలోని అంతరార్థమేమి?