మృతసముద్ర ప్రతులు – తొలినాటి క్రైస్తవము

నల్లమల అంచున ఉన్న మన లింగాల ప్రాంతమున మేక తప్పిపోయినచో కాపరి వాగులు, గుట్టలు, గుహలు వెదకుట అందరెరిగినదే. 1947 ప్రాంతమున పాలస్తీనాలో, మృతసముద్రపు వాయవ్య తీరమున కుమ్రాన్ అను చోట, ఇట్టి వెదకులాటలోనే ఒక బదూ కాపరి కొండగుహలోనికి రాయి విసరెననియు, లోపల మట్టిపాత్ర పగిలిన చప్పుడు వినబడెననియు చెప్పుదురు. ఆ గుహలోని జాడీలలో తోలుమీద వ్రాసి చుట్టిన పురాతన గ్రంథములు దొరికినవి. ఇవియే నేడు మృతసముద్ర ప్రతులని ప్రసిద్ధి కెక్కినవి.

దూరదేశపు తోలుముక్కలతో మనకేమి పని యని విద్యార్థులు అడుగవచ్చును. తౌరాత్, జబూర్, ఇంజీల్ అను పేర్లు ముస్లిము బాలునకు ఉగ్గుపాలతో పరిచయమైనవి. మన ఊళ్ళలోని క్రైస్తవ కుటుంబములు ప్రతి ఆదివారము చదువుకొను పాత నిబంధనము మూలమున యూదుల గ్రంథమే. గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను చిన్న తెలుగు సమాజము యూద ధర్మమును పాటించుచున్నది. ఆ కుటుంబములు పూర్వము బాప్టిస్టు సంఘమునకు చెందినవి. కావున ఈ మూడు మతముల వారును తెలుగునాటనే ఉన్నారు.

ఇంకొక కారణము కూడ కలదు. ఈ ప్రతుల పేరు చెప్పి, బైబిలు పూర్తిగా తారుమారైనదని రుజువైనట్లు ఒకరును, ఒక్క అక్షరమైనను మారలేదని రుజువైనట్లు మరియొకరును వాదించుట మేము వినియున్నాము. ప్రతులు ఈ రెండింటిలో దేనిని చెప్పినవో తెలిసికొనుట మంచిది.

ప్రతుల స్వరూపము

1947 మొదలు 1956 వరకు కుమ్రాన్ పరిసరములలో 11 గుహలనుండి ప్రతులు లభించినవి. మొత్తము 900కు పైబడిన గ్రంథములుగా పండితులు వీనిని గుర్తించిరి. సంపూర్ణముగా మిగిలినవి కొలదియే, తక్కినవన్నియు తునకలు. 1952లో బయటపడిన నాలుగవ గుహలోనే వేలకొలది తునకలు దొరికినవి. భాష ఎక్కువగా హీబ్రూ. కొన్ని ఆరామిక్, స్వల్పముగా గ్రీకు. కాలము క్రీ.పూ. 3వ శతాబ్ది మొదలు క్రీ.శ. 1వ శతాబ్ది వరకు. లిపి తీరును బట్టియు, తరువాత కార్బన్ పరీక్షలను బట్టియు ఈ కాలనిర్ణయము జరిగినది.

వీనిలో మూడు తరగతులు కలవు. మొదటిది హీబ్రూ బైబిలు గ్రంథములు. ఒక్క ఎస్తేరు తప్ప తక్కిన గ్రంథములన్నింటి భాగములును దొరికినవి. రెండవది హనోకు వంటి ఇతర మతగ్రంథములు. మూడవది ఒక ప్రత్యేక సమాజమువారి నియమములు, స్తోత్రములు, వ్యాఖ్యలు. ఈ సమాజము జోసెఫసు, ఫైలో, ప్లినీ అను ప్రాచీన రచయితలు వర్ణించిన ఎస్సీనులని పెక్కుమంది పండితుల అభిప్రాయము, అంగీకరింపనివారును కలరు. రోలాండ్ ద వో అను ఫ్రెంచి మతాచార్యుడు 1951 నుండి 1956 వరకు జరిపించిన త్రవ్వకములను బట్టి కుమ్రాన్ నివాసము క్రీ.శ. 68లో రోమను సైన్యముచే నశించినట్లు తేలినది. రెండేండ్లకు యెరూషలేము దేవాలయము కూలినది.

పాఠము మారెనా?

అంతకు పూర్వము లభ్యమైన సంపూర్ణ హీబ్రూ బైబిలు ప్రతులలో మిక్కిలి పాతది క్రీ.శ. 1008 ప్రాంతమునకు చెందిన లెనిన్‌గ్రాడ్ ప్రతి. మొదటి గుహలో దొరికిన యెషయా గ్రంథము దానికంటె వేయి సంవత్సరములకు పైగా ప్రాచీనము. 17 తోలుముక్కలను కుట్టి, 7 మీటర్లకు మించిన పొడవున, 54 పట్టీలలో వ్రాసిన ఆ ప్రతిని నూతన ప్రతితో పోల్చినప్పుడు వర్ణక్రమ భేదములు, పదభేదములు అనేకము కనబడినను, గ్రంథము మొత్తముమీద అదియేనని తేలినది. వేయేండ్లపాటు చేతివ్రాతతో సాగిన గ్రంథమున ఇంతటి పోలిక ఉండుట లేఖకుల శ్రద్ధకు సాక్ష్యము.

అయినను కథ అంతటితో ముగియలేదు. దావీదు – మన హజ్రత్ దావూద్ – జయించిన గొల్యాతు, అనగా జాలూత్, ఎత్తు సంప్రదాయ హీబ్రూ పాఠములో ఆరు మూరల జేన. తెలుగు బైబిలులోను అంతే. నాలుగవ గుహలోని సమూయేలు ప్రతిలో నాలుగు మూరల జేన అని కలదు. ప్రాచీన గ్రీకు అనువాదము ముందునుండియు ఇట్లే చెప్పుచుండెను. యిర్మీయా గ్రంథము గ్రీకులో సుమారు ఎనిమిదవ వంతు పొట్టిగా ఉండుట అనువాదకుల లోపమని కొందరు తలచిరి. ఆ పొట్టి పాఠమునకు సరిపోవు హీబ్రూ తునక కుమ్రాన్‌లో దొరికినది. అనగా ఆనాటికి ఒకే గ్రంథమునకు ఒకటికి మించిన పాఠములు గౌరవముతో చెలామణిలో ఉండెను.

తెలుగు విద్యార్థులకు ఇది క్రొత్త విషయము కాదు. వేమన పద్యములకై సి.పి. బ్రౌన్ దొర పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచే సరిచూపించి, 1829లో ప్రకటించెను. ప్రతికొక పాఠము కనబడినంత మాత్రమున వేమన లేడని ఎవ్వరును అనలేదు. పాఠభేదములే లేవనియు అనలేదు. పరిశోధన మార్గము ఈ రెండు తొందరపాటుల నడుమనే నడచును.

క్రైస్తవముతో సంబంధము

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలెను. ఈ ప్రతులలో యేసు – హజ్రత్ ఈసా అలైహిస్సలాం – పేరు ఎచ్చటను లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను, అనగా హజ్రత్ యహ్యా, పేరును లేదు. శిష్యుల పేర్లును లేవు. ఏడవ గుహలోని చిన్న గ్రీకు తునక మార్కు సువార్త భాగమని 1972లో స్పెయిను పండితుడు ఓకలాహన్ ప్రతిపాదించెను గాని పెక్కుమంది పండితులు అంగీకరింపలేదు.

అట్లయినచో సంబంధమెక్కడ? ఒకే నేలలో, ఒకే ధర్మగ్రంథమును చదువుకొనిన రెండు సమాజముల పోలికలో కలదు. అరణ్యమున ప్రభువు మార్గమును సిద్ధపరచవలెనను యెషయా మాటను కుమ్రాన్‌వారు తాము ఎడారికి వచ్చి ధర్మశాస్త్రమును అభ్యసించుటకు ఆధారముగా గ్రహించిరి. సువార్తలు ఆ మాటనే యోహానునకు అన్వయించినవి. కుమ్రాన్‌వారు సొత్తును ఉమ్మడిగా ఉంచుకొనిరి. తొలి క్రైస్తవ సంఘమును అట్లే చేసినట్లు అపొస్తలుల కార్యములలో కలదు. నీతిమంతుడు విశ్వాసమూలమున జీవించునను హబక్కూకు ప్రవక్త భావమును కుమ్రాన్ వ్యాఖ్యాత ధర్మశాస్త్రమును ఆచరించుచు తమ నీతిబోధకునియందు విశ్వాసముంచిన వారికి వర్తింపజేసెను. పౌలు దానినే క్రీస్తునందలి విశ్వాసమునకు వర్తింపజేసెను. నాలుగవ గుహలోని మరియొక తునకలో, రాబోవు దినములలో గాయపడినవారు స్వస్థులగుదురనియు, మృతులు బ్రదుకుదురనియు, దీనులు శుభవార్త విందురనియు ఉన్నది. యోహాను పంపిన మనుష్యులకు యేసు ఇచ్చినట్లు సువార్తలు చెప్పు సమాధానము దీనికి మిక్కిలి సన్నిహితము.

భేదములును అంతే ముఖ్యములు. విశ్రాంతి దినమున గోతిలో పడిన పశువును పైకి తీయరాదని ఆ సమాజపు నియమము. అట్టి గొఱ్ఱెను ఎవడు తీయకుండునని యేసు ప్రశ్నించినట్లు మత్తయి వ్రాసెను. కుంటివారు, గ్రుడ్డివారు తమ సభలో చేరరాదని కుమ్రాన్‌వారి కట్టడ. విందునకు వారినే పిలువుమని లూకా సువార్త బోధ. కుమ్రాన్‌వారు తలుపు మూసుకొనిరి. క్రైస్తవము తలుపు తెరచినది. కావున క్రైస్తవము ఎస్సీనుల శాఖ అనుట సరికాదు. అయితే దాని తొలి పలుకుబడి గ్రీకుల నుండి అరువు తెచ్చుకొన్నది కాదనియు, ఆనాటి యూద ధర్మక్షేత్రముననే మొలకెత్తినదనియు ప్రతులు దృఢముగా చూపుచున్నవి. యోహాను సువార్తలోని వెలుగు చీకట్ల భేదము గ్రీకు భావమని పూర్వము పలువురు తలచిరి. కుమ్రాన్ హీబ్రూ గ్రంథములలో వెలుగు కుమారులును, చీకటి కుమారులును ప్రత్యక్షమగుటతో ఆ తలంపు సడలినది.

దాచుటవలన కలిగిన కీడు

ప్రతుల చరిత్రలో ఒక చేదు పాఠము కలదు. నాలుగవ గుహ తునకలు 1950ల నుండి ఒక చిన్న పండిత బృందము చేతిలో ఉండెను. దశాబ్దములు గడచినను వానిలో చాలభాగము ప్రకటింపబడలేదు. ఇతరులకు చూచు అవకాశమును లేకపోయెను. ఆ మౌనములో వదంతులు పెరిగినవి. మతపీఠములకు భయపడి సత్యమును దాచుచున్నారని పుస్తకములే వెలువడినవి. 1991 సెప్టెంబరులో అమెరికాలోని హంటింగ్టన్ గ్రంథాలయము తనయొద్దనున్న ఛాయాచిత్రములను పండితులందరికిని తెరచిపెట్టినది. పిమ్మట ప్రకటనము వేగము పుంజుకొని, ఆక్స్‌ఫర్డు సంపుటములు 40 పూర్తియైనవి. నేడు ఇంటర్నెట్టులో ఎవరైనను ఆ ప్రతుల చిత్రములను చూడవచ్చును. దాచిన భయంకర రహస్యమేదియు బయటపడలేదు. కీడు చేసినది గ్రంథము కాదు, దాచుట.

కోరికయు కీడు చేయగలదు. వాషింగ్టనులోని బైబిలు మ్యూజియము సంపాదించిన 16 తునకలును నకిలీలని 2020లో పరీక్షలు తేల్చినవి. నమ్మగోరినవాడు పరీక్షింపకున్నచో మోసపోవును. హదీసు విద్యలో ప్రతి మాటకును చెప్పినవారి పరంపరను విచారించు ఇస్నాద్ పద్ధతి కలదు. మన పెద్దలు మనకు నేర్పిన ఆ జాగ్రత్తయే ఇచ్చటను మార్గదర్శి.

మన కర్తవ్యము

పురాతన ప్రతి ఏ మతమువారిదైనను అమానత్. అనగా నమ్మి అప్పగించిన సొత్తు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల ఆదరణతో కవిత్వము పండిన నేల మనది. ఇట్టి నేలమీద పాత పెట్టెలలో తాటాకు కట్టలు, పారసీక, ఉర్దూ కాగితములు ఉండుట అసంభవము కాదు. చదువ రాదని వానిని చెదలకును ఏటిపాలునకును విడువరాదు. ప్రతి విద్యార్థియు తన ఇంట, తన వీధిలో విచారించి, దొరికినదానిని యజమాని అనుమతితో చూచి, లిపి, భాష, ఆకుల సంఖ్య వ్రాసికొని రావలెను. ఇందులకు ఒక రిజిష్టరును, ఒక బీరువాను గ్రంథాలయమున ఏర్పరుపవలెనని కళాశాల కమిటీవారిని మేము వినయపూర్వకముగా కోరుచున్నాము. విలువైనవి కనబడినచో హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమువారి దృష్టికి తేవచ్చును.

పొరుగువాని గ్రంథమును నిష్పక్షముగా చదువుటకు మన విశ్వాసమును విడువనక్కరలేదు. తూనికరాయి సరిగా ఉంచినచో చాలును.