గోడకూ బస్తాకూ మధ్య జాగా

మొన్న సంక్రాంతికి ముందు డాలస్ నుంచి మా మనవడు ఫోన్ చేశాడు. ఉద్యోగం వేరే ఊరికి మారిందట. కొత్త ఇల్లు కుదిరేదాకా సామాను పెట్టుకోవడానికి అక్కడ నెల కిరాయికి గదులు దొరుకుతాయట. తాళం మనదే, బాధ్యత కూడా మనదే. ఐదుకు ఐదు అడుగుల అరలాంటి దాని నుంచి పదికి ఇరవై అడుగుల పెద్ద గది దాకా ఉంటాయట. "తాతా, ఏ సైజు తీసుకోమంటావు?" అని అడిగాడు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు మా ఊరు వేములపల్లి వస్తే వాడి ఆటంతా మా వడ్ల అర్రలోనే. అందుకే నన్ను అడిగి ఉంటాడు.

ఫోన్లో చెప్పగలిగింది కొంతే. యాభై ఏళ్లకు పైగా వడ్లు నిలవ చేస్తూ, చెడగొట్టుకుంటూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మా మండలంలో ఇప్పుడు కట్టే కొత్త ఇళ్లలో వడ్ల అర్ర కనపడటం లేదు. రాయడానికి అసలు కారణం ఆ బెంగే.

1. ముందు సరుకు సంగతి తేల్చుకోవాలి. అర్రను తర్వాత కొలుచుకోవచ్చు.

కాలువ రాకముందు మా ఇంట్లో ఉన్నది పాతర. వాకిట్లో నిలువు లోతు గొయ్యి తీసి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మన్ను కప్పేవారు. మెట్ట నేల పొడిది, జొన్న గింజ పొడిది, రెండూ కుదిరాయి. నిజాం కాలంలో లెవీ గల్లా కోసం సర్కారు మనుషులు ఇంటింటికీ తిరిగినప్పుడు కూడా పాతరలో దాచిన గింజలే మా వాళ్ల కడుపు నింపాయని మా అమ్మ చెప్పేది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మాది ఎడమ కాలువ, లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన కాలువ. ఆ నీళ్లు మా మళ్లకు పారి చేతికొచ్చిన తొలి వరిపంటను మా నాయిన అదే పాతరలో పోశాడు. పంటతో పాటు నేల కూడా మారిపోయిందని ఆయనకు తట్టలేదు. కాలువ కింద ఊట పెరిగింది. పాతర తెరిచేసరికి అడుగున వడ్లు మొలకెత్తి ఉన్నాయి, నడుమవి ముక్కిపోయాయి, పైన రెండు జానల మేర మాత్రమే తినడానికి పనికొచ్చాయి. మా నాయిన ఆ రోజు అన్నం తినలేదు. ఏ గింజ, ఎంత తేమ, ఎన్ని నెలలు అన్నది తేలకుండా జాగా ఎంత కావాలో చెప్పలేమని నాకు అప్పుడే తెలిసింది.

2. ఘనపుటడుగుకు 16 కిలోలు.

ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలా లెక్కలు నోటితోనే అయిపోతాయి. విడిగా పోసిన వడ్లు ఒక ఘనపుటడుగుకు సుమారు 16 కిలోలు తూగుతాయి. వెదురుతో అల్లిన గుండ్రటి గుమ్మి అయితే వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని ఎత్తుతో గుణించి, వచ్చినదాంట్లో ఐదో వంతు తీసేయాలి. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు గుమ్మి ఉందనుకోండి. ఎనభైలో పదహారు పోతే అరవై నాలుగు. అంటే పది క్వింటాళ్లు.

మా అమ్మకు ఘనపుటడుగులు తెలియవు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అన్న లెక్కతో ఆమె గుమ్మిని చూసి చెప్పిన మాటకు కాంటా మీద పెద్ద తేడా వచ్చేది కాదు. తిండికి ఎంత అట్టిపెట్టాలన్నదీ ఆమే చెప్పేది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు రెండు కిలోల బియ్యం అనుకుంటే ఏడాదికి 730 కిలోలు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం అని సర్కారు లెక్క, కాబట్టి పదకొండు క్వింటాళ్ల వడ్లు. పండుగలు, చుట్టాలు, ఇంట్లో ఒక శుభకార్యం, కూలికి గింజలే అడిగేవాళ్లు, అన్నీ కలిపి పదిహేను క్వింటాళ్లు ఉంచేది.

పది క్వింటాళ్ల గుమ్మిని పదిహేనుకు పెంచాలంటే అందరూ ఎత్తు పెంచుతారు. అప్పుడు అది ఏడడుగులు దాటుతుంది. ఆడవాళ్లకు మూతి అందదు, అడుగున వెదురు అల్లిక మీద భారం పెరుగుతుంది. ఎత్తు అట్లాగే ఉంచి వెడల్పు నాలుగు నుంచి ఐదడుగులు చేస్తే చాలు, పదహారు క్వింటాళ్లు పడతాయి. ఒక్క అడుగు వెడల్పులో అంత తేడా ఉంది.

3. గది కొలత వేరు, గదిలో పట్టేది వేరు.

నేను బాగా నష్టపోయి నేర్చుకున్నది ఈ పాఠమే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పంట పెరిగాక గుమ్మి చాలక, ఇంటి వెనక పదికి పది అడుగుల అర్ర కట్టించాను. పదడుగుల ఎత్తు. వెయ్యి ఘనపుటడుగులు, పదహారు వేల కిలోలు. ఇప్పటి కొనుగోలు కేంద్రం లెక్కలో 40 కిలోల బస్తాలైతే నాలుగు వందలు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. అప్పట్లో మాకు బస్తా అంటే 75 కిలోలు. గోడకు గోడకు ఆనించి, కప్పు దాకా బస్తాల నెట్టు కట్టించాను. హమాలీ మేస్త్రీ పని మొదలుపెట్టేటప్పుడే చెప్పాడు: "తమ్మీ, మనిషి తిరిగే జాగా ఇడువు. బస్తా నోరు తెరిచి చెప్పదు, నువ్వే పోయి చూడాలె." జాగా వృథా అవుతుందని నేను వినలేదు.

ఆ వానాకాలం వెనక గోడ నెమ్ము పట్టింది. ముందు వరస బస్తాలు చూస్తే బాగానే ఉన్నాయి. వెనక ఏం జరుగుతోందో చూడటానికి దారి లేదు. దసరాకు పట్టించడానికి తీస్తూ పోతే మూడో వరస నుంచి బస్తా వేడిగా తగిలింది. ముక్క పురుగు, బూజు వాసన. వెనక వరస బస్తాలు లేపితే అడుగు ఊడి వచ్చింది. ముప్పై బస్తాలకు పైగా పశువులకు కూడా పెట్టలేకపోయాను.

ఇప్పుడు నా లెక్క ఇది. నాలుగు పక్కలా గోడకు అడుగున్నర వదలాలి. పదికి పదిలో మిగిలేది ఏడుకు ఏడు. నెట్టు ఆరడుగులు దాటకూడదు, దాటితే కింది బస్తా పిగులుతుంది, పైబస్తా దించే మనిషి నడుం పోతుంది. బస్తాకూ బస్తాకూ మధ్య సందులు కలుపుకుంటే 40 కిలోల బస్తా మూడు ఘనపుటడుగులు తింటుంది. లెక్క కడితే దాదాపు వంద బస్తాలు. నాలుగు వందలనుకున్న అర్రలో పట్టేది వంద! మిగతాది గాలికి, మనిషికి, చీపురుకు. కింద చెక్కలో, వెదురు తడకలో పరిచి నేల నుంచి కనీసం జానెడు ఎత్తు లేపాలి. సర్కారు గోదాముల్లో కూడా గోడకు దూరంగా, చెక్కల మీదే నెట్టు కడతారు.

4. ఆరబోసే జాగా కూడా నిలవ జాగాలోకే వస్తుంది.

కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు. అది అమ్మకానికి సరిపోయే అంకె. నెలల తరబడి ఇంట్లో ఉంచాలంటే 14కు దించాలి, విత్తనానికైతే ఇంకొంచెం కిందికి. 17 మీద క్వింటాలు ఉన్న వడ్లు 14కు వచ్చేసరికి తొంభై ఆరున్నర కిలోలు అవుతాయి. తరుగు వచ్చిందని ఎవరినీ అనుమానించక్కర్లేదు, పోయింది నీళ్లే.

మిషన్ కోత వచ్చాక పచ్చి గింజ ఒక్క పూటలో కుప్ప పడుతోంది. రెండంగుళాల మందం పరిస్తే క్వింటాలుకు నలభై చదరపు అడుగులు కావాలి. అర్ర కట్టుకున్నాం కానీ కల్లం పోగొట్టుకున్నాం. అందుకే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పొడుగునా, ఊరి రోడ్ల మీదా వడ్లు ఆరబోస్తున్నారు. చీకట్లో వచ్చే మోటారు సైకిలువాడికి ఆ కుప్ప, దాని మీద పెట్టిన రాళ్లు కనపడవు. రోడ్డు మీద పోసే ప్రతి రైతునూ బతిమాలుకుంటున్నాను, పొలం గట్టున పట్టా పరిచే చోటు చూసుకోండి.

5. ముందు పెట్టింది ముందు రావాలి.

గుమ్మికి మా పెద్దలు అడుగున చిన్న కంత పెట్టి, గుడ్డ కుక్కి, పెండతో అలికేవారు. పైన కొత్త వడ్లు పోసినా కింద నుంచి పాతవే వస్తాయి. ఆ కంత ఎందుకో నాకు అర్ర కట్టాకే అర్థమైంది. ఒకే తలుపున్న అర్రలో చివర పెట్టిందే ముందు బయటికి వస్తుంది, మొదట పెట్టింది ఏళ్ల తరబడి మూలకు పడి ఉంటుంది. పొడవైన అర్రయితే రెండు తలుపులు పెట్టండి. ఒకటే పెట్టగలిగితే నడుమ దారి వదిలి రెండు నెట్లు కట్టండి, ఒకటి పాతది, ఒకటి కొత్తది.

తలుపు వెడల్పు కూడా చూసుకోవాలి. బస్తా మోసే మనిషి భుజం, బస్తా కలిసి పట్టాలి. తలుపు ఎటు తెరుచుకోవాలో కూడా ముందే చూసుకోవాలి. పాట్నాలో గోల్‌ఘర్ అని ధాన్యం కొట్టు ఉంది. 1770 బెంగాల్ కరువు తర్వాత, మళ్లీ అట్లాంటి గతి రాకూడదని జాన్ గార్స్టిన్ అనే ఇంజనీరు 1786లో కట్టించాడు. లక్షా నలభై వేల టన్నులు పట్టేంత పెద్దది. అది ఎన్నడూ నిండలేదు. దాని తలుపులు లోపలికి తెరుచుకునేలా పెట్టారని, నిండితే తెరవడం కుదరదని అక్కడివాళ్లు చెప్తారు.

6. పెద్దది కట్టినా ముప్పే.

అర్రలో దెబ్బ తిన్నాక ఇరవైకి ముప్పై అడుగుల రేకుల షెడ్డు వేశాను. రెండేళ్లలో అందులో విరిగిన నాగలి, పాత పైపులు, కరెంటు మోటారు, ఖాళీ ఎరువు సంచులు చేరాయి. ఆ సందుల్లో ఎలుకలు పిల్లలు పెట్టాయి. వడ్లున్నది పావు జాగాలో, కాపలా కాయాల్సింది అంతటికీ. రేకు కింద ఎండాకాలం వేడికి, రాత్రి చలికి నీటి బొట్లు కట్టి బస్తాల మీద పడేవి. సగానికి అడ్డుగోడ కట్టించి, కప్పు కింద తడక వేయించాకే కుదుటపడింది.

7. గుళికలు ఇంట్లో పెట్టవద్దు.

పురుగు పడితే కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు తెచ్చి బస్తాల మధ్య పెడుతున్నారు. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి విషవాయువు వస్తుంది. పడకగది పక్కన ఉన్న అర్రలో పెడితే తలుపు సందుల్లోంచి అది పిల్లలు పడుకున్న చోటికి చేరుతుంది. మనుషులుండే కప్పు కింద అది పెట్టే సైజు అర్ర అంటూ ఏదీ లేదు. ఎండబెట్టండి, జల్లించండి, వేపాకు, వావిలాకు కలపండి. అంతకు మించితే ఆ పని తెలిసినవాళ్లున్న గోదాముకు తరలించండి.

8. ఎన్ని రోజులు ఆగగలరో అంత జాగా కావాలి.

మా కుర్ర రైతులు నాతో గట్టిగా వాదించేది ఇక్కడే. "కాకా, కోత మిషన్ నుంచి ట్రాక్టర్‌లోకి, ట్రాక్టర్ నుంచి మిల్లుకు. మధ్యలో అర్రెందుకు?" అంటారు. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల వరస చూడండి. పచ్చి వడ్ల మీద పట్టా కప్పుకుని మనుషులు రాత్రుళ్లు అక్కడే పడుకుంటారు. మూడో రోజుకు గింజ వేడెక్కుతుంది, మబ్బు పడుతుంది, చెప్పిన ధరకు తల ఊపక తప్పదు. వాళ్లకు తక్కువైంది నాలుగు రోజులు ఆగే జాగా.

పంట మొత్తం దాచమని నేను అనను. ఎకరానికి డెబ్బై బస్తాలు వస్తే పదెకరాల పంటకు అర్ర కట్టడం ఎవరి వల్లా కాదు. తిండిగింజలు, విత్తనం, కొన్ని సన్నాలు దాచుకుంటే చాలు. సాంబమసూరిలాంటి సన్నాలు కొత్తవి వండితే ముద్దవుతాయి, ఆర్నెల్లు గడిస్తే అన్నం పొడిగా విడిపోతుంది, అడిగేవాళ్లు ఇంటికే వస్తారు. బియ్యంగా కాకుండా వడ్లుగానే ఉంచాలి, పొట్టే గింజకు రక్ష. రెండు నెలలకోసారి బియ్యం పట్టించుకోండి. వంద బస్తాల అర్ర చిన్న రైతుకు సరిపోతుంది.

కౌలుకు చేసేవాళ్లకు సొంత గోడే ఉండదు. వాళ్లు నలుగురు కలిసి గోదాములో జాగా తీసుకోవచ్చు. 2007 గోదాముల చట్టం కింద నమోదైన గోదాములో పెడితే ఇచ్చే రసీదు చూపించి బ్యాంకులో అప్పు అడగొచ్చు. పెట్టేటప్పుడు తేమ ఎంతో రాయించుకోవాలి, మీ నెట్టు వేరుగా కట్టించి దాని మీద పేరు రాయించుకోవాలి.

మనవడికి ఇదంతా చెప్పలేదు. సామాను చీటీ రాయించాను. మంచం, పరుపు, బల్ల, రెండు బీరువాలు, పుస్తకాల పెట్టెలు, వాళ్ల అమ్మ పంపిన ఇత్తడి బిందె. నెలలు మూడో నాలుగో. ఐదుకు పది అడుగులది తీసుకో, ముందు కావాల్సినవి తలుపు దగ్గర పెట్టుకో, నడుమ దారి వదులు అన్నాను. పోయిన వారం ఫొటో పంపాడు. దారి వదిలాడు, బిందె ముందే ఉంది. పరుపు మాత్రం వెనక గోడకు ఆనించి నిలబెట్టాడు. వెంటనే ఫోన్ చేసి, జానెడు ముందుకు జరపమన్నాను.